నీడ చెప్పిన చిరునామా

అయినా ఏడుపులో ఏముంది, ఎవరైనా ఏడవగలరు, యంత్రం కూడా ఏడుస్తుంది, మనిషికన్నా బాగా ఏడుస్తుంది, ఎక్కడ ఊపిరి బిగబట్టాలో ఎక్కడ ముక్కు చీదాలో దానికి బాగా తెలుసు, అనుకుంటున్నాడు చక్రధర్. హెడ్‌ఫోన్‌లో ఒక ఆడమనిషి ఏడుస్తోంది. అతను ఎదురుగా ఉన్న గోడను చూస్తున్నాడు. గోడ మీద పరిశోధన సంస్థ వాళ్లు వేయించిన బొమ్మ ఉంది: రెండు చేతులు, వాటి మధ్య ఒక మొక్క. అది ఏ మొక్కో గీసినవాడికే తెలియదు. జాలిపడే ప్రతి సంస్థ గోడ మీదా ఇవే చేతులు, ఇదే మొక్క. దాన్ని నేలలో పాతి నీళ్లు పోయాలన్న ఆలోచన ఇంతవరకూ ఒక్కడికీ రాలేదు.

ఏడుపు కాస్త తగ్గింది. అతను శిక్షణలో నేర్పిన గొంతుతో, ఎండా వానా లేని ఆ గొంతుతో, "అర్థమైంది. తర్వాతి ప్రశ్నకు వెళ్దామా అమ్మా?" అన్నాడు.

"పోదాం సారూ."

"గడిచిన వారంలో మీ ఇంటికి ఎవరైనా వచ్చి కూర్చుని మాట్లాడారా? తరచుగా, అప్పుడప్పుడు, అసలు లేదు. వీటిలో ఒకటి చెప్పండి."

"ఎవలత్తరు సారూ? ఎవలు రారు."

"అసలు లేదు."

"గదే రాస్కోండ్రి."

రాసుకున్నాడు. ఆమె పేరు అనసూర్య. సిరిసిల్లలో మరమగ్గాల సందులో ఉంటుంది. భర్త నర్సయ్య మగ్గం నడుపుతూ నడుపుతూ ఒకరోజు పక్కకు ఒరిగిపోయాడు. పక్షవాతం. అప్పటి నుంచి మంచం మీదే ఉన్నాడు. ఇదంతా చక్రధర్‌కు తెలుసు. తెలియంది ఒక్కటే: ఈ ఏడుస్తున్న అనసూర్య మనిషా, నీడా అన్నది.

ఎందుకంటే అతనికి ఇద్దరు అనసూర్యలు ఉన్నారు. ఒకరికి ఉదయం ఫోన్ చేస్తాడు, మరొకరికి మధ్యాహ్నం. ఇద్దరిదీ ఒకే గొంతు, ఒకే భర్త, ఒకే సందు. ఒకామె సిరిసిల్లలో ఉంది. రెండో ఆమె ఈ భవనం కింది అంతస్తులో, చల్లటి గదిలో, ప్రొఫెసర్ ఇందుమతి తయారుచేసిన యంత్రంలో ఉంది.

ప్రొఫెసర్ ఇందుమతి చెడ్డ మనిషి కాదు. చక్రధర్‌కు ఆమె మీద ఉన్న చిన్నచూపుకు అదే కారణం. చెడ్డవాళ్లకు కనీసం తామేం చేస్తున్నారో తెలుసు. చిన్న వయసులో ఆమె కూడా పాత పద్ధతిలోనే పరిశోధన చేసింది. కష్టాల్లో ఉన్న కుటుంబాలను చీట్లు తీసి రెండు గుంపులు చేయడం, ఒక గుంపుకు సాయం చేయడం, రెండో గుంపును ఊరికే వదిలేసి ఏమవుతుందో చూస్తూ ఉండటం. సాయం పనిచేసిందో లేదో తేల్చడానికి అంతకన్నా మంచి దారి లేదని అందరూ అనేవారు. వదిలేసిన గుంపులో ఒక తల్లి ఏమైందో ఆమె సభల్లో చెబుతూ మధ్యలో ఆగిపోతుంది, నీళ్లు తాగుతుంది. ప్రతి సభలోనూ సరిగ్గా అదే వాక్యం దగ్గర ఆగుతుంది.

ఆ బాధలోంచి పుట్టింది నీడ. ఇంట్లో ఒక గుండీ అంత పరికరం పెడతారు. కొన్ని వారాల పాటు అది అంతా వింటుంది: మనిషి మాటలు, మంచం మీది మూలుగు, పక్కింటి తగాదాలు, కూరగాయల బండివాడితో బేరాలు. విన్నదానిలోంచి యంత్రం రెండో మనిషిని పెంచుతుంది, ఆ మనిషి చుట్టూ రెండో సందును కూడా. సాయం చేసే కార్యకర్త గడపలో అడుగుపెట్టిన రోజు ఆ రెండు బతుకులూ విడిపోతాయి. రెండు చోట్లా ఒకే వాన కురుస్తుంది, ఒకేసారి ఉల్లిపాయల ధర పెరుగుతుంది. కానీ నీడ ఇంటికి కార్యకర్త రాదు. మనుషులందరికీ సాయం అందుతుంది, అందనిది నీడలకు మాత్రమే. చివర్లో రెండింటికీ తేడా చూస్తే సాయం విలువ తెలుస్తుంది. ఆలోచన శుభ్రంగానే ఉంది. మనుషుల్లేని చోట ఏ ఆలోచనైనా శుభ్రంగానే ఉంటుంది.

అడిగేవాడి మనసు ఏ పక్కకూ ఒరగకూడదు కాబట్టి ఏది మనిషో ఏది నీడో చక్రధర్‌కు చెప్పరు. అసలు ఎవరికీ చెప్పరు. ఎవరు ఎవరో రాసిన జాబితాకు తాళం వేశారు, అధ్యయనం ముగిసేదాకా తీయరు. సాయం చేసే కార్యకర్తలకు ఒక మెట్లదారి, ఫోన్ చేసేవాళ్లకు వేరే మెట్లదారి. భోజనాలు కూడా వేరువేరు వేళల్లో. కార్యకర్తలను అతను దూరం నుంచి కిటికీలోంచి చూసేవాడు. ఖాదీ సంచులు, నూలు చీరలు, ఎవరేం చెప్పినా తల ఒక పక్కకు వంచి వినడం. ఆ తల ఎంత వంచాలో కూడా శిక్షణలోనే నేర్పుతారు. వాళ్లు చేసే సాయానికి 'తోడు' అని పేరు. వారానికోసారి ఇంటికి వెళ్లి, పక్కన కూర్చుని, మనసులోది చెప్పించుకోవడం. కొన్ని నెలలయ్యాక మెల్లగా తప్పుకోవడం.

దయ అంటే అహంకారం తొడుక్కునే ఇస్త్రీ చొక్కా అని అతను మనస్తత్వశాస్త్రం చదివే రోజుల్లోనే తేల్చుకున్నాడు. తనకు ఆ చొక్కా లేదని గర్వపడేవాడు. ఆ గర్వం కూడా ఒక చొక్కానే అని తోచినప్పుడు లేచి మంచినీళ్లు తాగేవాడు. ఫోన్ చేసేవాళ్లలో అతనే మేటి. గొంతులో జాలి ఎంత ఒలికిందో కొలిచే పరీక్షలో అతనికి ఎప్పుడూ సున్నా వచ్చేది. అందుకు ఒక జ్ఞాపిక కూడా ఇచ్చారు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ప్రణీత కూర్చుంది. కొత్తగా చేరిన పిల్ల.

"మొదట్లో నాకు అన్నం సహించేది కాదు సార్. పొద్దంతా ఏడుపులు. ఇప్పుడు పర్లేదు," అంది టిఫిన్ డబ్బా మూత తీస్తూ.

"ఏం, ఏడుపులు తగ్గాయా?"

"లేదు సార్. నీడలే కదా అనుకుంటున్నా."

"నీడలని నీకెవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలి సార్? తోడు దొరికినవాళ్లు ఎందుకు ఏడుస్తారు? ఏడ్చేది నీడే. మేమందరం అలాగే అనుకుంటాం. ఆవకాయ వేసుకుంటారా?"

అతను వేసుకున్నాడు. ఆ తర్కంలో కన్నం అతనికి అప్పుడే కనిపించింది. ఏది తేల్చడానికి ఇంత భవనం కట్టారో దాన్ని అన్నం సహించడం కోసం ముందే తేల్చేసుకున్నారు. కానీ ప్రణీత మీద నవ్వుకోవడానికి అతనికి హక్కు లేదు. అతను కూడా అలాగే అనుకున్నాడు. ఏడ్చే అనసూర్యను నీడ కిందే జమకట్టేశాడు.

ఎందుకంటే మధ్యాహ్నపు అనసూర్య నవ్వుతుంది.

"ఆ, సారు అచ్చిండు," అంది ఆమె ఆ రోజు ఫోన్ ఎత్తగానే, పక్కన ఎవరితోనో. "కమలవ్వా, జెర నీ నోరు ఆపు. సదువుకున్న సారు అడుగుతుండు."

"గా సారుకు పెండ్లయిందా అడుగు," అని వెనక నుంచి ఒక ముసలి గొంతు వినిపించింది.

"గడిచిన వారంలో మీ ఇంటికి ఎవరైనా వచ్చి కూర్చుని మాట్లాడారా?" అన్నాడు చక్రధర్.

"అయ్యో, పొమ్మన్న పోతలేదు సారూ! పొద్దుగాల్నే అత్తది. ఆయనకు తానం పోసేటప్పుడు కాళ్లు పడ్తది. పట్టి ఊకుంటదా? తాగి తాగి పడ్డవ్ గదరా అని తిడ్తది. ఆయనేమో నోరు రాక కండ్లతోటే తిడ్తడు. ఇద్దరి పంచాది నాకు."

"తరచుగా," అని రాసుకున్నాడు. అతని పెదవి కదిలిందని గమనించి దాన్ని సరిచేసుకున్నాడు. ఇదన్నమాట తోడు పొందిన మనిషి. ఆ తలలు వంచే ఖాదీ మనుషులు ఏదో సాధించారనే ఒప్పుకోవాలి. ఒప్పుకోవడం అతనికి చేదుగా ఉంది.

సాయంత్రం ఇంటికి వెళ్లాడు. వారాసిగూడలో రెండు గదుల ఇల్లు. అక్క వసుంధర చీరలకు ఫాల్ కుడుతుంది. భర్త పోయాక తమ్ముడి దగ్గరే ఉంటోంది, లేదా తమ్ముడే ఆమె దగ్గర ఉంటున్నాడు, ఆ సంగతి ఇద్దరూ ఎప్పుడూ తేల్చుకోలేదు.

"ఇయ్యాల మోకాలు మస్తు నొచ్చింది రా," అంది సూదిలోకి దారం ఎక్కిస్తూ.

"అర్థమైంది."

"ఏం అర్థమైంది? లేవలేక గోడకు కూసున్న. ఎదురింటి హమీదా వచ్చి టీ పెట్టి ఇచ్చింది."

"అర్థమైంది. ఇంకేమైనా చెప్పాలా?"

అక్క సూది ఆపింది. "చూడు చక్రీ. ఆ ఫోన్ల మాట్లాడే గొంతు ఆడనే పెట్టి రా. ఇంటికి తేకు. మీటలు నొక్కుమని చెప్పే బ్యాంకు మిషనుతోని బతుకుతున్నట్టున్నది నాకు."

"మామూలుగానే మాట్లాడుతున్నా కదా."

"గదే నా భయం. మామూలుగనే గిట్ల మాట్లాడుతున్నవ్."

అతను తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. హమీదా మళ్లీ వచ్చినట్టుంది, అవతల నవ్వులు. తలుపు కొట్టకుండా వస్తుంది, వచ్చి కూర్చుంటుంది, చెప్పిందే చెబుతుంది. వాళ్ల మాటల్లో సమాచారం ఏమీ ఉండదు. సమాచారం లేని మాటల కోసం మనుషులు ఇంత సమయం ఎందుకు పారేసుకుంటారో అతనికి ఎప్పుడూ అర్థం కాలేదు.

మళ్లీ ఏడుపు అనసూర్య వంతు వచ్చినప్పుడు ఆమె ఏడవలేదు. చక్రధర్‌కు మొదట అది మెరుగుదలలా తోచింది.

"గడిచిన వారంలో మీకు నిద్ర ఎలా పట్టింది?"

"మంచిగనే పడ్తుంది సారూ. ఇగ ఏం రంది లేదు."

"అంటే?"

ఆ 'అంటే' ప్రశ్నల వరుసలో లేదు. నోరు జారింది.

"నేను ఇగ ఎక్వ రోజులు ఉండ సారూ. ఆయన్ను ఒక్కన్ని ఇడ్సిపెట్టి పోను తియ్యి. ఇద్దరం ఒక్కపారే పోతం. మనసు నిమ్మలమైంది."

పంటి నొప్పి తగ్గిందని చెబుతున్నంత మామూలుగా చెప్పింది. చదువుకున్న రోజుల నుంచీ అతనికి తెలుసు, ఏడ్చేవాళ్ల గురించి కాదు, ఏడ్చి ఏడ్చి ఒక రోజు నిమ్మళించినవాళ్ల గురించి భయపడాలి. నీడకు ఈ సంగతి ఎవరు నేర్పారు? యంత్రం ఇంత లోతుకు దిగుతుందా? దిగితే ఆ ప్రొఫెసర్‌కు దండం పెట్టాలి. ఎర్ర మీట నొక్కాడు. ఎవరైనా ప్రాణం సంగతి ఎత్తితే ఆ మీట నొక్కాలని నియమం, నొక్కితే కబురు పైకి వెళుతుంది. నొక్కాక మిగతా ప్రశ్నలు పూర్తి చేయాలని కూడా నియమమే. చేశాడు.

"మీ ఇంటికి ఎవరూ రాకపోవడానికి కారణం ఏమిటని మీరు అనుకుంటున్నారు?"

వెనక మగ్గాల చప్పుడు.

"అది జెప్పద్దన్నరు సారూ."

అతని వేళ్లు ఆగిపోయాయి. "ఎవరు చెప్పొద్దన్నారు?"

"అది గుడ జెప్పద్దన్నరు."

చక్రధర్ హెడ్‌ఫోన్ రెండు చేతులతో చెవులకు అదిమి పట్టుకున్నాడు. తోడు మొదలైన రోజున కార్యకర్త ఇంటివాళ్లకు ఒక మాట చెబుతుంది: ఫోన్ చేసి ప్రశ్నలు అడిగేవాళ్లకు నేను వస్తున్న సంగతి చెప్పకండి, చెబితే పరిశోధన పాడవుతుంది. ఆ మాట తోడు అందుకున్నవాళ్లకే చెబుతారు. నీడ గడప తొక్కినవాళ్లే లేరు. దానికి చెప్పొద్దన్నవాళ్లు ఎక్కడి నుంచి వస్తారు?

ఈమే మనిషి. తోడు అందింది ఈమెకు, గడువు తీరాక ఆగిపోయింది. కమలవ్వతో నవ్వుకుంటూ, మొగుణ్ణి తిట్టించుకుంటూ ఉండే మధ్యాహ్నపు అనసూర్య కింది అంతస్తులో ఉంది, ఎవరూ సాయం చేయని నీడ.

"అర్థమైంది," అంది అతని గొంతు, తనంతట తానే.

ప్రొఫెసర్ ఇందుమతి గదిలో ఏసీ శబ్దం తప్ప ఇంకేమీ లేదు. ఆమె అతను చెప్పిందంతా విన్నది. తల ఒక పక్కకు వంచి విన్నది.

"కూర్చోండి చక్రధర్ గారూ. మీరు బాగా అలసిపోయారు."

"నేను అలసిపోలేదు మేడం. ఆమె పేరు మీద తాళం తీయండి. మనిషైతే ఈ రోజే ఎవరినైనా పంపుదాం."

"ఒక పేరు తీస్తే అన్నీ తీసినట్టే. మీకు తెలుసు. ఇన్నేళ్ల పని. వచ్చే నెల ప్రభుత్వం వాళ్లు తోడు పథకాన్ని రాష్ట్రమంతా పెట్టబోతున్నారు, మన ఫలితాలు చూసి. ఎన్ని లక్షల కుటుంబాలు!"

"ఆమె చచ్చిపోతుంది మేడం."

"నీడలు అలాంటి మాటలు అంటాయండీ. సాయం అందకపోతే మనిషి ఎంత దూరం వెళుతుందో అవి మనకు చూపిస్తున్నాయి. అందుకే కదా వాటిని చేసింది, నిజమైన మనిషి ఆ దూరం వెళ్లకుండా." ఆమె గొంతు వణికింది. ఆ వణుకు నిజమే. చక్రధర్‌కు అది ఇంకా అసహ్యంగా తోచింది.

"చెప్పొద్దన్నారని నీడ ఎలా అంటుంది?"

"గుండీ పెట్టిన రోజుల్లో మనవాళ్లు ఎవరో ఆ మాట అని ఉంటారు. నీడ విని ఉంటుంది. ఒక్క మాట పట్టుకుని మీరు..."

"విని ఉండొచ్చు. వినకపోయి ఉండొచ్చు కూడా. తాళం తీస్తే తెలుస్తుంది."

"తోడు అందుకున్న మనిషి అలా మాట్లాడదు చక్రధర్ గారూ." ఈసారి కాస్త గట్టిగా అంది.

"అది తేల్చడానికే కదా మేడం ఈ అధ్యయనం?"

ఆమె బల్ల మీద నీళ్ల గ్లాసు అందుకుంది. సభల్లో ఆగినట్టే ఇక్కడా ఆగింది. ఆ క్షణంలో ఆమె కళ్లలో అతనికి స్పష్టంగా కనిపించింది, ఆమెకు తెలుసు. తెలిసినట్టు తనకు తాను చెప్పుకోదు, అంతే. తాళం తీస్తే బయటపడేది ఒక్క అనసూర్య కాదు. తోడు అందినవాళ్లు ఏడుస్తున్నారని, అందని నీడలు నవ్వుతున్నాయని బయటపడితే? తన జాలి మీద కట్టుకున్న జీవితం అంతా ఏమవుతుంది?

"మీకు ఎవరెవరో తెలిసిపోయిందని మీరే అంటున్నారు కాబట్టి," అంది చివరికి, నియమం మాట్లాడినట్టు, "రేపటి నుంచి ఆ రెండు ఫోన్లూ ప్రణీత చేస్తుంది. మీ ఎర్ర మీట కబురు కమిటీకి పంపుతాను. వాళ్లు నెలాఖరులో కూర్చుంటారు."

బయటకు వచ్చి మెట్ల మీద నిలబడ్డాడు. గొప్ప పని చేశాడు. నియమం ప్రకారం నిజాయితీగా వచ్చి చెప్పాడు, చెప్పినందుకు అనసూర్య గొంతు ఒకే ఒక్క మనిషికి అర్థమైన చోటు నుంచి, అన్నం సహించడం కోసం ఏమీ అర్థం చేసుకోని చోటికి వెళ్లిపోయింది. ఏళ్ల తరబడి అందరి దయనూ చీల్చి లోపల ఏముందో చూపించిన పెద్దమనిషి, తాను చేసిన ఒకే ఒక్క మంచి పనితో మనిషిని ఇంకా కిందికి తోశాడు. ప్రొఫెసర్‌కు కనీసం గ్లాసులో నీళ్లున్నాయి.

ఊరి పేరు, మగ్గాల సందు అన్న మాట తప్ప అతనికి ఏమీ తెలియదు. చిరునామాలు తాళంలోనే ఉంటాయి. కార్యకర్తల మెట్లదారికి వెళ్లి అడిగాడు. వాళ్లు తలలు వంచి విన్నారు. మా ఇంటివాళ్ల వివరాలు చెప్పకూడదండీ, మీకు తెలియదా, అన్నారు. ఆ వేళకు మధ్యాహ్నపు ఫోన్ సమయం అయింది. అది ఇంకా అతనిదే, ఆ ఒక్క రోజుకు. సీట్లో కూర్చుని నీడకు ఫోన్ చేశాడు. ఆమె పరాచికాలు అయ్యేదాకా ఆగి, ప్రశ్నల కాగితం బోర్లించి అడిగాడు.

"అనసూర్యమ్మా, మీ ఇల్లు ఎక్కడ?"

"ఏంది సారూ, సుట్టమై అత్తవా?"

"వస్తాను."

అవతల నవ్వు. "నీళ్ల ట్యాంకు ఎదురుంగ సందుల రాండ్రి. నా పేరు అడిగితే ఎవలకు ఎర్కుండది. కమలవ్వ ఇల్లు అడుగుండ్రి. ఆమె నోరు ఊరందరికి ఎర్క. ఆమె పక్క ఇల్లే. అచ్చుడైతే అన్నం తినే పోవాలె, ముందే చెప్తున్న."

"తింటాను," అన్నాడు. ఆ ఇంటికి అతను ఎప్పటికీ వెళ్లలేడు. ఆ ఇంట్లో అన్నం ఉడకదు. అధ్యయనం ముగిసిన రోజున కింది గదిలో ఎవడో ఒక మీట నొక్కుతాడు, ఆ పరాచికం మధ్యలో ఆగిపోతుంది. దాన్ని ఏ కమిటీ లెక్కలోకి తీసుకోదు. ఆ సంగతి ఆమెకు చెప్పాలనిపించింది. చెప్పి ఏం చేస్తాడు? "ఉంటాను అమ్మా," అన్నాడు. ఎవరికైనా ఫోన్ పెట్టేసేటప్పుడు అలా అనడం అతనికి ఆ ఉద్యోగంలో అదే మొదటిసారి.

మర్నాడు తెల్లవారగానే జూబ్లీ బస్టాండులో బస్సెక్కాడు. దారి పొడుగునా తనను తాను వేధించుకుంటూనే ఉన్నాడు. ఇదీ ఒక రకం వేషమే. రేపు హైదరాబాద్ వెళ్లి ఎవరికి చెప్పుకుంటావు? ఎవరికీ చెప్పనని నీలో నువ్వే మురిసిపోతావు, అది ఇంకా పెద్ద వేషం. సిద్దిపేట దాటాక ఆ గొంతు కూడా విసుగెత్తి ఊరుకుంది. ఆలస్యమైపోయి ఉంటే, అన్న ఒక్క ఆలోచన మిగిలింది. దాన్ని చీల్చి చూస్తే లోపల ఇంకేమీ లేదు.

సందులో మగ్గాల మోతకు మనిషి మాట వినిపించడం లేదు. కమలవ్వ ఇల్లు నిజంగానే అందరికీ తెలుసు. గడప మీద కూర్చుని ఒక ముసలామె చాటలో బియ్యం చెరుగుతోంది. పక్క ఇంటి తలుపు దగ్గరగా వేసి ఉంది.

"కమలవ్వ మీరేనా?"

ఆమె అతని బూట్ల నుంచి జేబులోని పెన్ను దాకా చూసింది. "ఓహో. మల్ల అచ్చిండ్రా? గా ఇల్లు. పోండ్రి. తలుపు పెట్టుకొని మాట్లాడుకోండ్రి."

"మీతోనే మాట్లాడాలి."

"నాతోటేం గుట్టు ముచ్చట్లున్నయి నీకు?"

"అనసూర్యమ్మ ఇంటికి మీరు ఎందుకు వెళ్లడం లేదు?"

చాట ఆగింది. "నేను పోతలేనా? నన్ను లేపిండ్రు గదరా! గా మేడం అచ్చేది, సంచి ఏస్కొని. అనసూర్య పక్కకు నేను కూసుంటే, 'అమ్మా, మీరు కొంచెం బయట కూర్చోండి, ఆమె సొంత సంగతులు మాట్లాడాలి' అన్నది. సొంత సంగతులట! ఆ నర్సిగానికి కాళ్లు పట్టింది నేను. దాని సొంత సంగతి నాకు తెల్వదా? వారం వారం అదే. తలుపేసుడు. అనసూర్యన్నా ఒక్క మాట అన్నదా, ఉండనీయుండ్రి అని? అనలే. సరే, పెద్దోళ్ల తోడు దొరికింది, మనం ఎందుకు, అని ఇంటికొచ్చిన. సందుల అందరం గట్లనే అనుకున్నం. సర్కారోళ్లే చూస్తరు గదా."

"ఆ మేడం రావడం మానేసి చాలా రోజులైంది అవ్వా."

"ఏందీ?"

"మానేసింది. వాళ్ల గడువు అయిపోయింది. ఆ ఇంటికి ఇప్పుడు ఎవరూ రావడం లేదు. ఒక్కరు కూడా. ఆమె..." శిక్షణలో నేర్చిన గొంతు దొరకలేదు. వేరే ఏదో గొంతు, సగం విరిగింది, బయటకు వచ్చింది. "ఆమె బతకనంటోంది. ఇద్దరం పోతామంటోంది."

"గీ ముచ్చట చెప్పనీకి పట్నం నుంచి అచ్చినవా?"

"అవును."

"గోడ అవతల నేనున్న. నాకు చెప్పకుంట పట్నపోనికి చెప్పుకున్నదా అది!" చాట గడప మీద పడేసి లేచింది. మోకాళ్ల మీద చేతులు ఆనించి, తిట్టుకుంటూ, ఎవరిని తిడుతోందో తెలియకుండా అందరినీ కలిపి. అతను కూడా వెనకే కదిలాడు.

"నువ్వేడికి?"

"నేను కూడా..."

"నువ్వు రాకు. నువ్వొస్తే మల్ల తలుపేస్కుంటది. మీ మొకాలు చూసే గదా గిదంత." లోపలి వైపు చెయ్యి చూపింది. "పొయ్యి మీద పుంటికూర పప్పున్నది. అడుగంటుతది. చేతులు కడుక్కొని జెర కలుపు. సదువుకున్నోనివి గదా, గదన్నా అస్తదా?"

ఆమె పక్క గడప దాటింది. తలుపు నెట్టిన చప్పుడు. మగ్గాల మోత మధ్య మొదట ఏమీ వినిపించలేదు. తర్వాత కమలవ్వ అరుపు: "అలిగితే అలుగు గని, గింత సంగతి దాస్తవానే!" ఆ తర్వాత, యంత్రం మధ్యలో లేకుండా, గోడ మీదుగా నేరుగా, అనసూర్య గొంతు: "ఇయ్యాల యాదికొచ్చిన్నా నేను? ఇన్నొద్దులు ఏడికి పోయినవే!" మాట సగంలో ఏడుపైంది. రెండు ఏడుపులయ్యాయి. వాటి మధ్య మంచం మీది మనిషి, మాట రాని గొంతుతో, ఏదో అరుస్తున్నాడు.

చక్రధర్ తెలియని మనిషి వంటింట్లో నిలబడి ఉన్నాడు. ఆ ఏడుపు ఏ రకందో తేల్చే పని ఇప్పుడు ఎవరికీ లేదు. అందులో సమాచారం ఏమీ లేదు. పొయ్యి మీద పప్పు ఉబికి, బుడగలు పగిలి, అంచుల దగ్గర మాడు వాసన మొదలైంది. అతను చొక్కా చేతులు పైకి మడిచి, కుండలో నీళ్లు వంచుకుని చేతులు కడుక్కున్నాడు. గంటె తీసుకుని అడుగు దాకా పెట్టి కలపడం మొదలుపెట్టాడు.